ఇంటికి హీట్ పంప్ పెట్టాలా, గీజర్ చాలా? వేన్నీళ్ల ఖర్చు అసలు లెక్క

కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు, ఉన్న ఇంటిని బాగు చేయించుకుంటున్నవాళ్లు ఈ మధ్య ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఇది. డీలర్ దగ్గరికి వెళితే, గాలిలోని వేడిని లాక్కుని నీళ్లు కాచే హీట్ పంప్ కరెంటును మూడో వంతుకు తగ్గిస్తుందని చెబుతాడు. ఆ మాట నిజమే. అయితే ఆ మూడో వంతు దేనిలో మూడో వంతో చూడకుండా లక్ష రూపాయల పైన బిల్లు కట్టేస్తున్నారు. ఎంత మిగులుతుందన్నది మెషీన్ కంటే మీ ఇంట్లో రోజూ వాడే వేడి నీళ్ల మీదే ఎక్కువ ఆధారపడుతుంది. అందుకే ముందు నీళ్ల లెక్క చూద్దాం, మెషీన్ల సంగతి ఆ తర్వాత.

ఒక విషయం ఇక్కడే చెప్పేయాలి. అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉన్న పిల్లలు "మేం హీట్ పంప్ పెట్టించాం, మీరూ పెట్టించుకోండి నాన్నా" అంటే, వాళ్లు చెప్పేది చాలావరకు ఇల్లంతా వెచ్చబెట్టే యంత్రం గురించి. ఇంగ్లండ్, వేల్స్‌లలో దానికి ప్రభుత్వం 7,500 పౌండ్ల గ్రాంటు ఇస్తోంది. అమెరికాలో 2,000 డాలర్ల దాకా ఉన్న ఫెడరల్ పన్ను రాయితీ 2025 డిసెంబర్ 31తో ఆగిపోయింది. అక్కడ నెలల తరబడి హీటింగ్ నడవాలి కాబట్టి లెక్క వేరు. మన ఇళ్లలో హీట్ పంప్ అంటే స్నానానికి నీళ్లు కాచే యంత్రం, అంతే. ఇక్కడ నేను చెప్పేదంతా దాని గురించే.

నలుగురున్న ఇంట్లో వేన్నీళ్లకు ఎంత కరెంటు?

లీటరు నీళ్లను ఒక డిగ్రీ వేడి చేయడానికి ఒక కిలో కేలరీ కావాలి. 860 కిలో కేలరీలైతే ఒక యూనిట్ కరెంటు. ఈ రెండూ గుర్తుంచుకుంటే ఏ డీలర్ చెప్పినదాన్నైనా మీరే సరిచూసుకోవచ్చు.

హైదరాబాద్‌లో నలుగురున్న ఇల్లు అనుకుందాం. మనిషికి రెండు బకెట్లు, బకెట్‌కి 18 లీటర్లు. కొంచెం అటూ ఇటూగా రోజుకు 150 లీటర్లు. చలికాలంలో ట్యాంకు నీళ్లు 22 డిగ్రీలు ఉన్నాయనుకుంటే, వాటిని 40కి తేవాలి. 150 లీటర్లు, 18 డిగ్రీలు, అంటే 2,700 కిలో కేలరీలు, అంటే మూడు యూనిట్ల పైన కొంచెం. ట్యాంకులో, పైపుల్లో పోయే వేడి కలిపి గీజర్‌కు మూడున్నర యూనిట్లు వేసుకోండి.

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా నాలుగు నెలలు ఇలా వాడతాం. వానాకాలంలో అందులో సగం. ఎండాకాలంలో ట్యాంకు నీళ్లే కాలుతుంటాయి, గీజర్ ఊసే ఉండదు. మొత్తం ఏడాదికి 620 యూనిట్ల చిల్లర. యూనిట్ 9 రూపాయల చొప్పున చూసినా ఐదున్నర వేల రూపాయలు.

హీట్ పంప్ ఎంత బాగా పనిచేసినా ఈ ఐదున్నర వేలలో మిగిల్చేది మూడున్నర వేలు. 200 లీటర్ల హీట్ పంప్ బ్రాండును బట్టి లక్ష నుంచి లక్షన్నర వరకు ఉంది. ప్లంబింగ్, వైరింగ్ కలిపి లక్షా 40 వేలు అయిందనుకోండి. రెండు బాత్రూముల్లో మంచి స్టోరేజీ గీజర్లు పెట్టినా 25 వేలు దాటదు. మధ్యలో తేడా లక్షా 15 వేలు. ఏడాదికి మూడున్నర వేలు మిగులుతూ ఆ తేడా పూడాలంటే ముప్పై ఏళ్లు పైనే. మెషీన్ ఆయుష్షు పది, పదిహేనేళ్లు.

కాబట్టి బకెట్ స్నానం చేసే నలుగురి కుటుంబానికి, డబ్బు కోణంలో, హీట్ పంప్ దండగ. ఈ మాట చెప్పడం నాకేమీ సంతోషం కాదు, ఎందుకంటే యంత్రంగా అది నిజంగా అద్భుతమైనది.

మరి ఎవరికి లాభం?

హీట్ పంప్ నీళ్లను నేరుగా కాచదు. చుట్టూ ఉన్న గాలిలోని వేడిని లాక్కుని ట్యాంకులోకి పంపుతుంది. ఫ్రిజ్ లోపలి వేడిని వెనక్కి తోసే పద్ధతే ఇది. కరెంటు ఖర్చయ్యేది ఆ వేడిని మోయడానికి మాత్రమే. అందుకే ఒక యూనిట్ ఖర్చుపెట్టి మూడు యూనిట్ల వేడి ఇవ్వగలుగుతుంది. ఈ మూడునే సీవోపీ అంటారు. గాలి వెచ్చగా ఉంటే ఇది మూడున్నర, నాలుగు కూడా అవుతుంది, చల్లబడితే తగ్గుతుంది. విజయవాడలో మే నెలలో సీవోపీ అద్భుతంగా ఉంటుంది, కానీ అప్పుడు వేడి నీళ్లెవరికి కావాలి? లంబసింగిలో జనవరి తెల్లవారుజామున వేన్నీళ్లు లేకుండా బతకలేం, అప్పుడేమో గాలిలో వేడి ఉండదు.

దీనికి చిన్న ఉపాయం ఉంది. హీట్ పంప్‌ను తెల్లవారుజామున కాకుండా మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగు మధ్య నడిపించండి. హైదరాబాద్‌లో డిసెంబర్ ఉదయం 14, 15 డిగ్రీలున్నా మధ్యాహ్నం 28 దాకా వెళుతుంది. ట్యాంకుకు ఇన్సులేషన్ మందంగా ఉంటుంది కాబట్టి మర్నాడు ఉదయానికి నీళ్లు స్నానానికి సరిపడా వేడిగానే ఉంటాయి. టైమర్ ఉన్న మోడల్ తీసుకోమనేది అందుకే.

నిజంగా లాభపడేవాళ్లు ఎక్కువ నీళ్లు, ఎక్కువ రోజులు వాడేవాళ్లు. అమీర్‌పేటలోనో ఎస్సార్‌నగర్‌లోనో నలభై మంది ఉండే హాస్టల్ తీసుకోండి. మనిషికి 25 లీటర్ల వేన్నీళ్లు, మొత్తం వెయ్యి లీటర్లు. 20 డిగ్రీలు పెంచాలంటే 23 యూనిట్లు, నష్టాలతో 25. హీట్ పంప్‌కైతే ఎనిమిదిన్నర. రోజుకు 16 యూనిట్ల పైన మిగులుతాయి. ఏడాదిలో 250 రోజులు వాడితే 4,000 యూనిట్లు, యూనిట్ 10 రూపాయలైతే 40 వేలు. గీజర్ల కంటే అదనంగా పెట్టింది రెండు లక్షలైతే ఐదేళ్లలో తిరిగొస్తుంది. ఆ తర్వాతంతా మిగులే. అరకులో హోమ్‌స్టే నడిపేవాళ్లకు, చిన్న నర్సింగ్ హోమ్‌లకు, కల్యాణ మండపాల గదులకు ఇదే లెక్క వర్తిస్తుంది.

వీటి మధ్యలో పడేది ఉమ్మడి కుటుంబం. ఎనిమిది, పది మంది ఉండి, పిల్లలు షవర్ కింద పదేసి నిమిషాలు నిలబడే ఇల్లు. షవర్ నిమిషానికి ఎనిమిది నుంచి పది లీటర్లు పోస్తుంది, అంటే ఒక్క స్నానానికే 80 లీటర్లు దాటుతుంది. ఇలాంటి ఇంట్లో రోజుకు 400 లీటర్లు సులువుగా అవుతుంది. ఏడాదికి 1,200 యూనిట్లు మిగిలి, 11 వేల రూపాయల దాకా కలిసొస్తుంది. పెట్టుబడి తిరిగి రావడానికి పదకొండు, పన్నెండేళ్లు. ఇక్కడ నిర్ణయం మీ ఇష్టం. ఏ బాత్రూంలో ఎప్పుడు కుళాయి తిప్పినా వేన్నీళ్లు రావాలి, ఏడాది పొడవునా రావాలి, ఇంట్లో పెద్దవాళ్లున్నారు అనుకుంటే పెట్టించుకోండి. ఆ సౌకర్యానికి విలువ ఉంది. కానీ డబ్బు మిగుల్తుందని మాత్రం పెట్టించకండి.

స్లాబు దాటితే సంగతి మారుతుంది

యూనిట్ ధర మీద కూడా కాస్త ఆగాలి. తెలంగాణలో నెలకు 200 యూనిట్లు దాటని ఇంటికి మొదటి వందకు 3.40, తర్వాతి వందకు 4.80 చొప్పున పడుతుంది. 200 దాటిందా, ఆ మొదటి 200 యూనిట్లకూ 5.10 వేసి, ఆపైన 300 దాకా 7.70 వేస్తారు. గీజర్ లేకుండా నెలకు 150 యూనిట్లు వాడే ఇల్లు చలికాలంలో గీజర్‌తో 255కి వెళుతుంది. కరెంటు చార్జీ ఒక్కటే 1,443 రూపాయలు. అదే ఇల్లు హీట్ పంప్‌తో 187 దగ్గర ఆగుతుంది, చార్జీ 757. అరవై ఎనిమిది యూనిట్ల తేడాకు 686 రూపాయలు, అంటే మిగిల్చిన ప్రతి యూనిట్ పది రూపాయల విలువ చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో స్లాబులు ఒకదాని మీద ఒకటి మెట్లలా ఉంటాయి, కింది మెట్ల ధర మారదు. అక్కడ ఇవే 68 యూనిట్లకు 490 రూపాయలు తేడా వస్తుంది. ఫిక్స్‌డ్ చార్జీ, సర్దుబాటు చార్జీలు వీటికి అదనం.

తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు వచ్చే ఇళ్లవాళ్లయితే ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. ఆ నెలలో 200 దాటితే మొత్తం బిల్లు కట్టాల్సిందే. అలాంటి ఇంట్లో పాత గీజర్ పొద్దున్నంతా ఆన్‌లో వదిలేయడం చాలా ఖరీదైన అలవాటు. దానికి మందు లక్ష రూపాయల హీట్ పంప్ కాదు. స్విచ్ పావుగంట ముందు వేసి, స్నానానికి వెళ్లేటప్పుడు ఆపేస్తే చాలు. లేదంటే సోలార్ హీటర్.

సోలార్ హీటర్, గ్యాస్ గీజర్

డాబా మీద దక్షిణం వైపు నీడ పడని చోటు ఉంటే, చిన్న కుటుంబానికి నేను మొదట చూడమనేది సోలార్ వాటర్ హీటరే. గాజు గొట్టాల రకంలో 200 లీటర్లది బిగింపుతో కలిపి 30 నుంచి 45 వేల మధ్యలో వస్తుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి దీని మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది కూడా. ఏడాదిలో ఓ 500 యూనిట్లు తప్పిస్తుంది. యూనిట్ 9 రూపాయలు కట్టే ఇంటికి ఎనిమిది, తొమ్మిదేళ్లలో తిరిగొస్తుంది.

ఇబ్బందులు లేవని కాదు. మబ్బు పట్టిన రోజుల్లో నీళ్లు వెచ్చబడవు, కోస్తాలో నవంబర్ తుపాన్లప్పుడు వరుసగా నాలుగు రోజులు అలాగే గడవచ్చు, కాబట్టి ఒక చిన్న గీజర్ తోడుండాలి. ఊళ్లలో కోతులు గొట్టాలు పగలగొడతాయి, వల కట్టించక తప్పదు. పక్క స్థలంలో రేపు నాలుగంతస్తులు లేస్తే మీ ఎండ పోయినట్టే. ఫ్లాట్లలో ఐతే అసలు డాబా మీద హక్కు ఎవరిదో ముందు తేలాలి. బోరు నీళ్లయితే సన్నని రాగి గొట్టాలుండే ఫ్లాట్ ప్లేట్ రకంలో సున్నం పేరుకుని పూడుకుపోతుంది. అలాంటిచోట గాజు గొట్టాల రకమే మేలు.

గ్యాస్ గీజర్ కొనేటప్పుడు అన్నిటికంటే చవక, ఐదారు వేలకు వస్తుంది. 14.2 కిలోల సిలిండర్ 900 అనుకుంటే, యూనిట్ కరెంటుతో సమానమైన వేడికి ఆరు రూపాయల చొప్పున పడుతుంది. పై స్లాబుల్లో ఉన్నవాళ్లకు కరెంటు గీజర్ కంటే చవకే. కానీ గాలి ఆడని బాత్రూంలో దాన్ని పెట్టడం ప్రాణాలతో చెలగాటం. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. స్నానానికి వెళ్లినవాళ్లు స్పృహ తప్పి చనిపోయిన వార్తలు దాదాపు ప్రతి చలికాలమూ వస్తున్నాయి. బయట బాల్కనీలో, గాలి ధారాళంగా ఆడేచోట పెట్టి, పైపుతో నీళ్లు లోపలికి తెచ్చుకునే వీలుంటేనే దాని గురించి ఆలోచించండి. ఆ వీలు లేకపోతే ఎంత చవకైనా వద్దు.

గీజర్ కొనేవాళ్లకు ఒక మాట. స్టోరేజీ గీజర్ మీద స్టార్లు చెప్పేది, కాచిన నీళ్లు ట్యాంకులో ఊరికే ఉన్నప్పుడు ఎంత వేడి పోగొట్టుకుంటాయన్నది. కాచడానికి పట్టే కరెంటు మూడు స్టార్లకూ ఐదు స్టార్లకూ ఒకటే. రోజంతా ఆన్‌లో ఉంచే ఇంటికి ఐదు స్టార్లు కావాలి. పొద్దున ఒకసారి వేసి ఆపేసే ఇంటికి ఆ తేడా పెద్దగా తెలియదు.

అదే లక్ష సోలార్ ప్యానెళ్ల మీద పెడితే

హీట్ పంప్ కోసం లక్ష పైన సిద్ధం చేసుకున్నవాళ్లతో నేను ఖచ్చితంగా చెప్పే మాట ఇదే. పీఎం సూర్యఘర్ కింద మూడు కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లకు 78 వేల సబ్సిడీ ఉంది. రెండు కిలోవాట్లకు 60 వేలు, ఒక కిలోవాట్‌కు 30 వేలు. మూడు కిలోవాట్లకు లక్షా 80 వేల నుంచి రెండు లక్షలు అయితే, సబ్సిడీ పోగా మీ చేతి నుంచి పడేది లక్ష నుంచి లక్షా పాతిక వేలు. అంటే ఒక హీట్ పంప్ ఖరీదు.

హీట్ పంప్ నలుగురి ఇంట్లో ఏడాదికి 400 యూనిట్లు మిగులుస్తుంది. మూడు కిలోవాట్ల ప్యానెళ్లు ఏడాదికి దాదాపు 4,000 యూనిట్లు ఇస్తాయి. పది రెట్లు. నెట్ మీటరింగ్ ఉంటుంది కాబట్టి పగలు తయారైన కరెంటు లెక్కలో పడి, తెల్లవారుజామున గీజర్ వాడినా సర్దుబాటు అవుతుంది. నెలకు 300 యూనిట్లు ఖర్చయ్యే ఇంటికి ఇదే మొదటి పెట్టుబడి కావాలి. ఇప్పటికే ప్యానెళ్లున్న ఇంట్లో కరెంటు మిగులుతుంటే, హీట్ పంప్ మిగిల్చే యూనిట్ల విలువ ఇంకా పడిపోతుంది. మామూలు గీజరే వాడుకోండి.

ప్యానెళ్లకూ, సోలార్ హీటర్‌కూ చోటు లేని ఫ్లాటు, ఒంటికి షవర్ అలవాటైన ఇల్లు, మీటరుకు మంజూరైన లోడ్ తక్కువ. ఈ మూడూ కలిసినచోట హీట్ పంప్‌కు మళ్లీ బలం వస్తుంది. రెండు గీజర్లు ఒకేసారి వేస్తే నాలుగు కిలోవాట్లు లాగుతాయి. 200 లీటర్ల హీట్ పంప్ సాధారణంగా ఒక కిలోవాట్ లోపే లాగుతుంది, జనరేటర్ మీదా నడుస్తుంది.

పెట్టించాలనే నిర్ణయించుకుంటే

కొటేషన్‌లో మెషీన్ ధర ఒక్కటే చూసి సరే అనకండి. ఖర్చు పెరిగేది చుట్టూ ఉండే పనుల్లో.

అన్నిటికంటే ముందు పైపులు. డాబా మీది మెషీన్ నుంచి కింది బాత్రూంకు 15 మీటర్ల ముప్పావు అంగుళం పైపు వెళితే, అందులో దాదాపు నాలుగు లీటర్ల నీళ్లు నిలిచి ఉంటాయి. వేడి నీళ్లు రావడానికి ముందు ఆ నాలుగు లీటర్లూ ప్రతిసారీ వదిలేయాలి, అందులో మిగిలిన వేడి వృథా. మెషీన్‌ను బాత్రూంలకు వీలైనంత దగ్గర పెట్టించండి, వేడి నీళ్ల లైన్ మొత్తానికి ఇన్సులేషన్ వేయించండి. ఇల్లు ఇంకా కడుతున్న దశలోనే ఉంటే ఈ పనికి కొన్ని వేలే అవుతుంది. టైల్స్ వేశాక గోడలు తవ్వాలంటే ఎంతవుతుందో, ఎంత దుమ్ము లేస్తుందో చెప్పలేం. ఉన్న ఇంట్లో కేవలం దీని కోసం గోడలు పగలగొట్టాల్సి వస్తే ఆలోచన మానుకోండి.

తర్వాత బరువు. 200 లీటర్ల ట్యాంకు నిండితే మెషీన్‌తో కలిపి మూడు వందల కిలోల దాకా ఉంటుంది. స్లాబు మధ్యలో కాకుండా పిల్లర్ లేదా బీమ్ మీదకు వచ్చేలా దిమ్మె కట్టించండి. మెషీన్ చల్లటి గాలి వదులుతుంది, నీటి చుక్కలు కారుస్తుంది, చిన్నగా మోత చేస్తుంది. పడకగది కిటికీ పక్కన వద్దు. గాలి ఆడని చిన్న గదిలో అసలే వద్దు, తను వదిలిన చల్లగాలినే మళ్లీ పీల్చుకుని సీవోపీ పడిపోతుంది.

బోరు నీళ్లయితే అడగాల్సింది ఒకటుంది. వేడిచేసే కాయిల్ ట్యాంకు చుట్టూ బయట చుట్టి ఉందా, నీళ్లలో మునిగి ఉందా? బయట ఉంటే సున్నం బాధ ఆ కాయిల్‌కు ఉండదు. ట్యాంకు లోపల తుప్పు పట్టకుండా ఆనోడ్ రాడ్ ఉంటుంది, అది తనే కరిగిపోతూ ట్యాంకును కాపాడుతుంది. ఏడాది, రెండేళ్లకోసారి దాన్ని చూసి మార్చాలి. ఆ పని ఎవరు చేస్తారు, ఎంత తీసుకుంటారు అన్నది కొనేముందే రాయించుకోండి. వారంటీ కూడా ట్యాంకుకు ఎన్నేళ్లు, కంప్రెసర్‌కు ఎన్నేళ్లు, మిగతా భాగాలకు ఎన్నేళ్లు అని విడివిడిగా అడగాలి.

హైదరాబాద్, విశాఖ లాంటి చోట సర్వీస్‌కు మనుషులు దొరుకుతారు. ఖమ్మం, కర్నూలు, రాజమండ్రి వైపు ఉన్నవాళ్లు అడ్వాన్సు ఇచ్చేలోపు కంపెనీ సర్వీస్ నంబరుకు ఫోన్ చేసి, మీ పిన్‌కోడ్ చెప్పి, చెడిపోతే ఎన్ని రోజుల్లో వస్తారో కనుక్కోండి. సూటిగా జవాబు రాకపోతే ఆ బ్రాండును పక్కన పెట్టండి. ఏ బ్రాండు తీసుకున్నా ఒక బాత్రూంలో ఐదారు వేల చిన్న గీజర్ ఒకటి ఉంచుకోండి. జనవరి చలిలో కంప్రెసర్ ఆగిపోతే, మెకానిక్ వచ్చేదాకా ఇంట్లో పెద్దవాళ్లకు అదే దిక్కు.